మాతంగి రాని ఆట

"ఏమ్మా, ఈ బిడ్డ పొద్దస్తమానం కాల్చు కాల్చు అని అరస్తా వుండాడే, ఎవుర్ని కాల్చేది?"

వంటింటి గడప దగ్గర కూచుని చేటలో బియ్యం ఏరుతూ మా అత్తగారు అడిగారు. నేను పోపు వేస్తున్నదాన్ని గరిటె అలాగే పట్టుకుని హాల్లోకి వెళ్ళి చూద్దును కదా, మా పన్నెండేళ్ళ పుత్రరత్నం సోఫాలో తలకిందులుగా వేలాడుతూ, నా ఫోనులో మనుషుల్ని వరసగా పడగొడుతున్నాడు. నూరుమంది ఒక దీవిలో దిగుతారట. ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటూ పోగా చివరికి మిగిలినవాడు గెలిచినట్టట. ఆ ఆట పదహారేళ్ళు నిండినవాళ్ళకి అని దాని పేరు కిందనే అంకె వేసి ఉంది. అది నేను ఆ రోజుదాకా చూడలేదు.

చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను లాక్కుని బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగుకి ముడేసుకున్నాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడాడు. మాట్లాడకపోయినా బాగుండేదనిపించింది.

"అమ్మా, నీ నవల్లో పోయినసారి నలుగుర్ని చంపేశావు కదా. నీ పుస్తకం మీద అంకె ఎందుకు వెయ్యలేదు?"

నేను చంపింది నలుగుర్ని కాదు, ముగ్గుర్నే. నాలుగోవాడు తనంతట తాను పోయాడు. కానీ పిల్లవాడికి ఆ తేడా చెప్పి ఏం లాభం? ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

*

మా పుట్టింటి ఊరు చిత్తూరుకి దగ్గరే. మా వైపు ఎండాకాలం వచ్చిందంటే ధర్మరాజుల గుళ్ళల్లో భారతం మొదలవుతుంది. పద్ధెనిమిది రోజుల ఉత్సవం. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. ఒకరోజు బకాసురుడికి బండెడు అన్నం ఊరేగుతుంది. ఇంకొకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. పిల్లలు లేని తల్లులు తడిబట్టలతో ఆ మాను కింద వరాలు పడతారు. చివర్న దుర్యోధన వధ, ఆ సాయంత్రం అగ్నిగుండం. పుత్తూరు, నగరి వైపున పుట్టినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

1989 వేసవిలో నాకు తొమ్మిదేళ్ళు. అప్పటికి టీవీలో ఆదివారం ఆదివారం భారతం వస్తోంది. ఊళ్ళో టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే, దాని ముందు ఊరంతా. అయినా గుడి దగ్గర భారతానికి జనం తగ్గలేదు. దుర్యోధనుణ్ణి మట్టితో చేసి నేలమీద పడుకోబెట్టారు. ఆ బొమ్మ కాళ్ళ దగ్గర్నించి తలదాకా నడవాలంటే నా అడుగులు ఎన్నో పట్టాయి. భీముడి వేషగాడు గద తిప్పుతూ ఆ బొమ్మ చుట్టూ పరుగెత్తి, చివరికి తొడమీద కొట్టాడు. లోపల దాచిన కుండ పగిలి ఎర్రటి నీళ్ళు చిమ్మాయి. ద్రౌపది ఆ ఎరుపు తలకి రాసుకుని జుట్టు ముడేసుకుంది. మా అవ్వ నన్ను చంకనెత్తుకుని మరీ చూపించింది. "బాగా చూడు మే" అంది.

ఏ వయసువాళ్ళు చూడాలి అని ఎవరూ అడగలేదు. చంటిపిల్లలు కూడా అక్కడే ఉన్నారు. నేను ఆ తరువాత ఎవరి తొడా విరగ్గొట్టలేదు.

మరి మా వాణ్ణి చూసి నాకెందుకు అంత భయం వేసింది? నాటకం గొప్పదీ ఫోను తక్కువదీ అని తేల్చెయ్యడం సులువే. మన పెద్దవాళ్ళు సినిమా గురించి అలాగే తేల్చారు, వాళ్ళ పెద్దవాళ్ళు నవల గురించి అలాగే తేల్చారు. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న పాపం ఊరికే పోదు కదా, పాత పుస్తకాలు దించి కూచున్నాను. ఈ కత్తెర ఎవరు పట్టుకున్నారు, ఎప్పుడు, ఎందుకు అన్నది చూద్దామని.

*

మనదేశంలో నాటకాల మీద మొదటి పెద్ద కత్తెర 1876లో వచ్చిన నాటక ప్రదర్శనల చట్టం. తెల్లదొరల మీద ఎకసెక్కాలాడే నాటకాలు కలకత్తాలో మరీ ఎక్కువయ్యాయని తెచ్చారు దాన్ని.

1910లో మద్రాసులో బెంగుళూరు నాగరత్నమ్మగారు ఒక సాహసం చేశారు. తంజావూరు ఆస్థానంలో ఉండిన ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని, అంతకుముందు అచ్చయినప్పుడు తీసేసిన పద్యాలతో సహా, వావిళ్ళవారి ద్వారా పూర్తిగా అచ్చువేయించారు. అశ్లీలం అని ప్రభుత్వం నిషేధించింది. శృంగారం మగ కవులు రాయలేదా అని నాగరత్నమ్మగారు గట్టిగానే అడిగారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలానికి గాని ఆ నిషేధం తొలగలేదు.

తరువాత సినిమా వచ్చింది. 1918లో చట్టం, 1920లో మద్రాసు, బొంబాయి, కలకత్తా, రంగూనుల్లో సెన్సారు బోర్డులు. ఆ మరుసటి ఏడే, 1921లో, భక్త విదుర అనే మూకీ చిత్రం వచ్చింది. చిత్రం చూడండి, అదీ భారత కథే. మద్రాసులో దాన్ని నిషేధించారు. యుద్ధం చూపించారనా? కాదు. విదురుడు గాంధీ టోపీ పెట్టుకుని అచ్చం గాంధీగారిలా కనిపించాడని! 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారు రైతుబిడ్డ తీస్తే జమీందార్లకు కోపం వచ్చింది. వాళ్ళ ఒత్తిడిమీద కొన్ని ప్రాంతాల్లో ఆ బొమ్మ ఆడనివ్వలేదు.

ఈ వరసలో ఒక్కచోటన్నా పిల్లలు పాడవుతారన్న మాట ఉందా? ఉన్నదల్లా దొరగారి పరువు, జమీందారుగారి పరువు, ఒక ఆడది కలం పట్టి తన మనసు రాసుకుందన్న కంటగింపు.

పిల్లల మాట చట్టంలో గట్టిగా వినిపించింది స్వతంత్రం వచ్చాకే. 1952 చట్టం వచ్చాక అందరూ చూడదగినవి యు, పెద్దలకు మాత్రమే అయితే ఎ. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ గారు నాలుగు నగరాల మీద ఒక చిన్న డాక్యుమెంటరీ తీసి, అందులో బొంబాయి పడుపువృత్తి వీధులు చూపించారు. సెన్సారు అభ్యంతరం పెడితే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లాగారి ధర్మాసనం తీర్పు చెప్పింది. సినిమా మనసుని కదిలించినంతగా తక్కిన కళలు కదిలించవు కనక ముందే చూసి, వయసునుబట్టి వేరుచెయ్యడం తప్పుకాదు. అయితే కళకి ఊపిరాడే చోటు కూడా వదలాలి అని దాని సారాంశం. 1983లో యుఏ వచ్చింది, పెద్దవాళ్ళు పక్కన ఉంటే పిల్లలు చూడొచ్చునని. 2023లో చట్టం సవరించి ఆ యుఏని కూడా ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడు మెట్లు చేశారు.

మెట్లు కట్టడం మంచిదే. కానీ ఎ సర్టిఫికెట్టు అని బోర్డు పెట్టిన హాలు ముందు చంకలో బిడ్డలతో టిక్కెట్లకి నిలబడ్డ సంసారులని నేను తిరుపతిలోనే చూశాను. గేటు దగ్గర చీటీ చించే కుర్రాడు ఏ బిడ్డ వయసూ అడిగిన పాపాన పోలేదు.

*

ఆటల కథ అమెరికాలో మొదలైంది. అంతకు ముందు, 1954లో, అక్కడ బొమ్మల కథల పుస్తకాలమీద ఇలాంటి రభసే జరిగింది. వెర్థామ్ అనే మనస్తత్వ వైద్యుడు అవి పిల్లల్ని నేరస్థుల్ని చేస్తున్నాయని పుస్తకం రాస్తే, ప్రచురణకర్తలు భయపడి తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. 1976లో డెత్ రేస్ అని ఒక ఆట వచ్చింది. కారుతో పిశాచాల్లాంటి గీతబొమ్మల్ని తొక్కించడం. ఇప్పటి పిల్లలు చూస్తే పుల్లలు ఆడుతున్నాయనుకుంటారు. అప్పట్లో దేశమంతా గగ్గోలు పెట్టింది. ఆ గగ్గోలుకే ఆట ఇంకా అమ్ముడుపోయిందట!

1993లో మోర్టల్ కోంబాట్ ఇళ్ళల్లోకి వచ్చింది. ఓడినవాడి వెన్నెముక పీకేసే ఆట అది. ఆ డిసెంబరులో లీబర్‌మన్, కోల్ అనే ఇద్దరు సెనేటర్లు విచారణ పెట్టారు. ప్రభుత్వం చట్టం చేస్తే తమకు ముప్పు అని కంపెనీలవాళ్ళు 1994లో తామే ఒక సంస్థ పెట్టుకుని డబ్బాలమీద వయసు ముద్రలు వెయ్యడం ప్రారంభించారు. మా వాడి ఆట కింద నేను ఆలస్యంగా చూసిన అంకె ఆ వంశంలోదే.

2005లో కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకో అడుగు వేసి, ఘోరమైన హింస ఉన్న ఆటలు పద్ధెనిమిది నిండనివాళ్ళకి అమ్మితే జరిమానా అని చట్టం చేసింది. సంతకం పెట్టిన గవర్నరుగారెవరో తెలుసా? ఆర్నాల్డ్ స్క్వార్జ్‌నెగర్! తెరమీద ఎందర్ని కాల్చారో ఆయనకే లెక్క తెలియదు. 2011లో అక్కడి సుప్రీంకోర్టు ఇద్దరు కాదన్నా ఏడుగురి మాటతో ఆ చట్టం కొట్టేసింది. తీర్పు రాసిన స్కాలియా అనే ఆయన పిల్లల కథలన్నీ ఎత్తి చూపాడు. గ్రిమ్ సోదరుల కథలో సిండ్రెల్లా సవతి అక్కల కళ్ళు పావురాలు పొడవలేదా, హాన్సెల్, గ్రెటెల్ ముసలిదాన్ని పొయ్యిలో తొయ్యలేదా అని. కాదన్నవారిలో ఒకాయన బ్రేయర్. నగ్న చిత్రాల పుస్తకం అమ్మకూడని పిల్లాడికి, ఆడదాన్ని కట్టేసి చంపే ఆట అమ్మొచ్చునా అని ఆయన అడిగాడు. నాకు ఇద్దరి మాటా నిజమేననిపించింది. మా ఇంటి పేచీ కూడా సరిగ్గా అదే కదా.

పోనీ శాస్త్రం ఏమంటుందీ అంటే, అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం 2020లో ఒక తీర్మానం చేసింది. ఇలాంటి ఆటలకీ, కసురుకోవడం, నెట్టుకోవడం వంటి దుడుకుతనానికీ కొద్దిపాటి సంబంధం కనిపిస్తోందట. హత్యలూ నేరాలూ వీటివల్లే అనడానికి మాత్రం తగినంత ఆధారం లేదట. మా వాడు ఫోను లాక్కున్నప్పుడు తలుపు ధడేలున వేశాడు. కత్తి తియ్యలేదు. నేను బీరువా తలుపు అంతకంటే గట్టిగా వేశాను.

ఇక మన పబ్జీ. 2019లో గుజరాత్‌లోని రాజకోటలో పోలీసులు నిషేధించి, ఆడుతున్న కుర్రాళ్ళని అరెస్టు కూడా చేశారు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 117 ఇతర యాప్‌లతో కలిపి దాన్ని దేశమంతటా ఆపింది. మా అపార్టుమెంటులో తల్లులందరం పండగ చేసుకున్నాం. కానీ ఆ ఉత్తర్వులో చెప్పిన కారణం దేశ భద్రత, మన సమాచారం విదేశాలకు పోతోందన్న అనుమానం. పిల్లల మాట కాదు, రక్తం మాట కాదు. మళ్ళీ విదురుడి టోపీ కథే! 2021 జులైలో అదే ఆట వేరే పేరుతో తిరిగి వచ్చింది. 2022 జులైలో ఆగి, 2023 మేలో మళ్ళీ వచ్చింది. మైనర్లకి రోజుకి మూడు గంటలే అని హద్దు పెట్టుకుని, రక్తానికి పచ్చరంగు వేసి, చంపడం అన్నమాట తీసేసి ముగించడం అని మార్చుకుని వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటలమీద చట్టం చేసినప్పుడు కూడా నిషేధించింది డబ్బు పెట్టి ఆడేవాటినే. సినిమాకున్నట్టు ఒక్కొక్క ఆటనూ ముందుగా చూసి ముద్ర వేసే బోర్డు మనకు లేదు.

ఆ పచ్చ రక్తం దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే అలాంటి పని నేనూ చేశాను.

*

చాలా ఏళ్ళ కిందట ఒక పత్రికలో నా సీరియల్ వస్తోంది. అందులో ఒక భర్త, కూరలో ఉప్పు ఎక్కువైందని భార్య చేతిమీద కాల్చిన గరిటెతో వాత పెడతాడు. ఎడిటరుగారు ఫోను చేశారు. "అమ్మా, ఇది ఇంటిల్లిపాదీ చదివే పత్రిక. కాస్త మెత్తగా మార్చండి" అన్నారు. నేను మార్చాను. దంపతులిద్దరికీ మాట పట్టింపు వచ్చింది అని రాశాను. వాత పోయింది, ఉప్పు మిగిలింది.

అది కల్పన కాదు. అప్పట్లో మా వీధిలోనే ఉండే ఒకావిడ నాకు చెప్పుకున్న సంగతి. సీరియల్ ఆవిడా చదివింది. ఒకరోజు సాయంత్రం పాలపాకెట్ల దగ్గర కలిసినప్పుడు, "నా చెయ్యి కాలింది మాట పట్టింపుతో కాదు కదక్కా" అని, కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆవిడ నాతో ఏదీ చెప్పుకోలేదు. నవలగా వచ్చినప్పుడు ఆ పేజీ తిరిగి పెట్టాను. అప్పటికి ఆవిడ ఇల్లు మారిపోయింది. పుస్తకం ఎక్కడికి పంపాలో తెలియలేదు.

అంచేత కత్తెర అంటే నాకు గౌరవం తక్కువ. అలాగని మా పన్నెండేళ్ళవాడి చేతిలో ఆ తుపాకీ చూస్తూ ఊరుకోనూలేను. ఈ రెండింటి మధ్యా నలుగుతూండగా మే నెల వచ్చింది, గంగ జాతర వచ్చింది.

*

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి తెలియనివాళ్ళకి ఒక్కమాట చెబుతాను. వెంకన్న ఊళ్ళో ఉంటూ మేమందరం ఏడాదికోసారి ఆయన చెల్లెలు గంగమ్మకి లొంగిపోతాం. చాటింపు వేశాక రోజుకో వేషం. బైరాగికి నామం సుద్ద, బండకి కుంకుమ, తోటికి బొగ్గుపొడి. బూతులు తిట్టడానికి కూడా ఆ వారం సెన్సారు లేదు. పిల్లలూ పెద్దలూ మొక్కుకుని వేషాలు కడతారు. మా వాడు ఈసారి బండ వేషం అన్నాడు. ఒళ్ళంతా కుంకుమ పూస్తూ మా అత్తగారు కథ చెప్పడం మొదలుపెట్టారు.

"ఈ వూర్ని ఒక పాలెగాడు ఏలతా వున్యాడు. కంటికి నదరుగా కనబడిన ఆడబిడ్డనల్లా చెరిచేవాడు. అవిలాలలో పెరిగిన గంగమ్మ చెయ్యి పట్టుకోబొయినాడు. అమ్మ నిజరూపం చూపిస్తే పారిపొయ్యి దాక్కున్యాడు. ఆయమ్మ వేషాలు మార్చి మార్చి వెతికింది. ఆఖరికి దొర వేషంలో వస్తే, ఎవురో పెద్ద దొర వచ్చినాడని వాడు బయటికి వచ్చినాడు. తల తీసేసింది."

"సూపర్ అవ్వా!" అన్నాడు మా వాడు.

"ఉండు, ఇంకా అయిపోలేదు. మర్నాడు మాతంగి వేషం. తల తీసిన ఆ గంగమ్మే మాతంగై పాలెగాడి ఇంటికి పొయింది. వాడి పెండ్లాన్ని ఓదార్చింది."

వాడు కాసేపు మాట్లాడలేదు. ముక్కుమీద పడ్డ కుంకుమ తుడుచుకుంటూ అడిగాడు.

"పాలెగాడికి పిల్లలున్నారా అవ్వా?"

ఆవిడ ఏదో చెప్పారు. నేను వినలేదు. నాకు చిన్నప్పటి మట్టి దుర్యోధనుడు గుర్తొచ్చాడు. భారతం తొడ విరగ్గొట్టడంతో అయిపోదు కదా. తరువాత స్త్రీపర్వం ఉంది. తిక్కనగారు దాన్ని వదిలిపెట్టలేదు. చచ్చినవాళ్ళ తల్లులూ పెళ్ళాలూ యుద్ధభూమికి వచ్చి ఎవరి తల ఎవరిదో వెతుక్కుంటూ ఏడ్చేదానికి ఒక పర్వం మొత్తం కేటాయించారు మన పెద్దవాళ్ళు. వెనక ఎవరో ఏడుస్తారని తెలిసీ మా అవ్వ నన్ను ఎత్తుకుని చూపించింది. ఆ మట్టిబొమ్మ దగ్గర నా పక్కన ఊరంతా ఉంది. మా వాడు తొంభైతొమ్మిదిమందిని పడగొట్టేటప్పుడు వాడి పక్కన ఎవరూ లేరు, నేను వంటింట్లో ఉన్నాను. పడ్డవాడు మాయమైపోతాడు. వాడి ఇంటికి ఏ మాతంగీ పోదు. నేను భయపడింది రక్తాన్ని చూసి అనుకున్నాను. నిజానికి నన్ను భయపెట్టింది ఆ మాయమైపోవడం.

రక్తానికి పచ్చరంగు వేస్తే ఆ లోటు తీరుతుందా? నేను ఆ చేతిమీద వాత తీసేసినప్పుడు తీరిందా?

*

జాతర అయ్యాక ఫోను బీరువాలోంచి తీశాను. ఆ ఆట మాత్రం ఇవ్వలేదు. పదహారు అని అంకె వేసినవాళ్ళు నాకంటే ముందు దాన్ని చూసినవాళ్ళు, వాళ్ళ మాట అంతవరకు విన్నాను. పన్నెండేళ్ళవాళ్ళకి అని రాసి ఉన్న ఇంకో ఆట ఇద్దరం కలిసి ఏరాం. అందులోనూ కాల్చుకోవడాలు ఉన్నాయి, కాకపోతే తక్కువ. రోజుకి ఒక గంట, హాల్లో, ఎవరో ఒక పెద్దవాళ్ళం పక్కన ఉండగా. మొదటి రోజు నేను కూచున్నాను. వాడు నేర్పించబోతే పది నిమిషాల్లో నాలుగుసార్లు చచ్చాను. "అమ్మా, నువ్వు నవలలే రాసుకో" అన్నాడు.

ఇప్పుడు నాకు రాసుకునే పనున్న రోజున మా అత్తగారు కూచుంటున్నారు, చేట ఒళ్ళో పెట్టుకుని. ఆవిడకి ఆట నియమాలు తెలియవు. ఎవడన్నా పడ్డప్పుడల్లా ఒక రాయి ఏరి పక్కన పడేస్తూ, "అయ్యో, ఎవురి బిడ్డో. పెండ్లయినట్టుందే" అంటారు.

నిన్న సాయంత్రం వాడు వంటింట్లోకి వచ్చి నాతో మొర పెట్టుకున్నాడు.

"అమ్మా, అవ్వని కాసేపు మాట్లాడొద్దని చెప్పు. అట్లా అంటా ఉంటే నాకు గురి కుదరడం లేదు."

చెబుతానులే అన్నాను. ఇంకా చెప్పలేదు.